అట్టలత్త కట్టిన వంతెనలు

"మీరు చేసిచ్చిన వంతెనకి బీ గ్రేడు వేశారండీ. ఎదురింటి వాళ్లబ్బాయికేమో ఏ. ఇదేం న్యాయం?"

"రెండూ నేను చేసినవే తల్లీ. ఒకే అట్ట, ఒకే జిగురు, కవలలు. ఒకడు ఫస్టొచ్చి ఒకడు వెనకబడితే కన్నదాన్ని నేనేం చెయ్యను?"

"మరి వాళ్లదానికి ఏం ఎక్కువేశారో చెప్పండి."

"వాళ్లు వెండి కాగితం అంటించమన్నారు. మీరు వద్దన్నారు."

జిరాక్సు మిషన్ వెనక కూర్చుని ఇదంతా వింటున్నాను. గ్రేడు కోసం కొట్లాడుతున్నావిడ ఐదో తరగతి చదవడం లేదు. చదువుతున్నవాడు ఆ సమయానికి ఇంట్లో కార్టూన్లు చూస్తున్నాడట.

బడి గేటుకి ఎదురుగా ఉన్న ఆ కొట్టు అట్టలత్తది. బైండింగ్ ప్రెస్సులో ఏళ్ల తరబడి పుస్తకాలకి అట్టలు కట్టడంతో ఆ పేరు పడింది. ఆవిడ మడిచిన కాగితం అంచు తగిలితే వేలు తెగుతుందేమో అనిపిస్తుంది. ప్రెస్సు మూతపడ్డాక ఈ కొట్టు పెట్టింది. పెన్సిళ్లు, జిగురు, చార్టులు, ఓ మూల జిరాక్సుతో నేను. కాలేజీ మధ్యలో వదిలేశానని తెలిసిన రోజు నుంచీ నన్ను ఇంజినీరూ అని పిలుస్తుంది. ఒక్క చార్టు తిన్నగా కోసిన పాపాన పోలేదని కూడా అంటుంది. అది నిజమే.

బడివాళ్లు నాలుగు, ఐదు తరగతులకి వారం వారం హోంవర్కు ఇస్తారు. సోమవారం కాగితం ఇస్తారు, శుక్రవారం వస్తువు అడుగుతారు. ఓ వారం అగ్నిపర్వతం, ఓ వారం గుండె. అంత చిన్నపిల్లల్ని గుండె చేసుకురమ్మన్నవాళ్లకి అది ఉందో లేదో నాకు అనుమానమే. ఆ కాగితం పిల్లల సంచిలోంచి అమ్మానాన్నల చేతికి, అక్కణ్నుంచి తిన్నగా అట్టలత్త బల్ల మీదికి వస్తుంది. బడి వరండాలో వరసగా పెట్టేవన్నీ ఆవిడ చేతిపనే. కింద పేర్లు మాత్రం పిల్లలవి. టీచరమ్మ వాటికి గ్రేడ్లు వేసి మురిసిపోతుంది. ఈ లెక్కన అట్టలత్త ఐదో తరగతి ఎన్నిసార్లు పాసైందో.

ఆవిడ మనవరాలిదీ అదే తరగతి. ఆ పిల్ల మాత్రం తన పనిని అమ్మమ్మని ముట్టనివ్వదు. "నువ్వు ముడితే అది నీదైపోతుంది" అంటుంది. ఆ వంతెనల వారం చెప్పుల డబ్బా, చీపురుపుల్లలు, దారం పెట్టి సొంతంగా వంతెన కట్టింది. ఓ పక్కకి ఒరిగింది, నిజమే. కానీ దాని మీద మా కొట్లో పెద్ద స్టాప్లర్ పెట్టి చూశాను, నిలబడింది. వెండి కాగితం వంతెనల మీద కనీసం ఓ రబ్బరు పెట్టి చూద్దామని టీచరమ్మకి తోచలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం పిల్ల తన వంతెనని చంకలో పెట్టుకుని తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర ఇంకుతో, "శుభ్రంగా లేదు. పెద్దల సాయంతో మళ్లీ చేయాలి" అని రాసుంది.

నాకు ఒళ్లు మండింది. కొనుక్కొచ్చిన వాళ్లకి మెప్పు, కష్టపడ్డదానికి చీవాట్లు. టీచరమ్మని అడిగేద్దామని లేచాను.

"కూర్చో. నువ్వక్కడ అరిస్తే ఆ అరుపు రేపు దాని నెత్తిన పడుతుంది" అంది అట్టలత్త.

పిల్ల ఏడవలేదు. వంతెనని చెత్తబుట్ట పక్కన పెట్టి, "అమ్మమ్మా, నాకు చేతకాదు. వచ్చే వారం గాలిమరట. నువ్వే చేసిపెట్టు" అంది.

అట్టలత్త కత్తెర కింద పెట్టి, ఆ వంతెనని తీసి బల్ల మీద పెట్టింది.

సోమవారం గాలిమర కాగితాలతో అమ్మానాన్నలు బల్ల చుట్టూ మూగారు. అట్టలత్త అందరికీ సరేనంది. నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. వాళ్లు వెళ్లగానే అడిగేశాను.

"ఈ పాడు పని మానెయ్యొచ్చుగా అత్తా?"

"నేను మానేస్తే పక్కవీధి కొట్టువాడు చేసిస్తాడు. మా పిల్ల పక్కన మళ్లీ అదే నునుపు సరుకు నిలబడుతుంది."

బల్ల కింద నుంచి ఓ గాలిమర తీసి చూపించింది. కావాలని వంకరగా చేద్దామని ఆదివారమంతా కూర్చుందట. రెక్కలన్నీ అచ్చుపోసినట్టున్నాయి. ఊదితే గిర్రున తిరిగింది.

"చూశావా, ఈ దిక్కుమాలిన చేతులు నా మాట వినడం లేదు. దాని గాలిమర అదే చేసుకుంటుంది, నేను ముట్టను. కానీ ఆ వరసలో అదొక్కటే వంకరగా ఉండకూడదు."

కత్తెర నా వైపు జరిపింది.

"ఇంజినీరూ, ఈ వారం ఆర్డర్లన్నీ నువ్వు చేసిపెట్టవూ? పిల్లలు చేసినట్టుండాలి. నువ్వు ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదులే."