ఇయర్‌బడ్స్‌లో వినిపించిన తుమ్ము

దయ్యాల కథలు మొదలైతే కునుకు తీసే రకం నేను. గాలి సోకిందనో, ఏదో కనబడిందనో ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. అందుకే నాకు జరిగింది చెప్పడానికి కాస్త మొహమాటంగానే ఉంది.

పటాన్‌చెరు దగ్గర ఇనుప రేకులను నొక్కి ఫ్యాన్ల మూతలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తాను. ప్రెస్ మిషన్ పడ్డప్పుడల్లా గుండెల్లో గుద్దినట్టుంటుంది. కంపెనీ ఇచ్చిన స్పాంజి బిళ్లలు నా చెవుల్లో నిలిచేవి కావు. ఇంటికెళ్లినా చెవుల్లో ఈల మోగుతూనే ఉండేది. చూడలేక మా ఆయన చప్పుడు తగ్గించే ఇయర్‌బడ్స్ కొనిచ్చాడు. పాటలు వినడానికి కాదు. ఫోన్లు స్విచాఫ్ చేసి గేటు దగ్గర లాకర్లో పెట్టాకే మమ్మల్ని లోపలికి పంపుతారు.

నా పక్క మిషన్ యాదక్కది. చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా ఏళ్ల తరబడి పనిచేయడంతో ఆమె ఎడమ చెవి పూర్తిగా పోయింది. మేమిద్దరం సైగలతోనే మాట్లాడుకుంటాం.

ఆ రోజుల్లో మా చెల్లెలు లావణ్య నిండు గర్భిణి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. సంగారెడ్డిలో మా అమ్మ దగ్గరే ఉంది. కాన్పుకి ఇంకా టైముందన్నారని ఆ రోజు కూడా నేను డ్యూటీకి వచ్చాను. పొద్దున మాట్లాడితే హాయిగా ఇడ్లీలు తింటోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పనిలో ఉన్నాం. ఉన్నట్టుండి చప్పుడంతా ఆగిపోయింది. తగ్గడం కాదు, అసలు లేదు. మిషన్లు మాత్రం కళ్లెదుటే ఆడుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో చిన్న తుమ్ము వినిపించింది. వెంటనే పసిబిడ్డ ఏడుపు.

గబుక్కున మిషన్ ఆపేశాను. ఏమైందని యాదక్క సైగ చేసింది. ఒక బడ్ తీసి నా వైపున్న ఆమె చెవిలో పెట్టాను. అది ఎడమ చెవి అన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

యాదక్క కళ్లు పెద్దవయ్యాయి. "ఓ సరితా! పసిపిల్ల ఏడుస్తుంది గదనే! ఈ చెవిల వినబడుతుందే నాకు!" అని అరిచింది. నవ్వుతోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నేను విన్నదేమిటో ఆమెకు అప్పటికింకా చెప్పనే లేదు.

అంతలోనే మిషన్ల మోత మళ్లీ మీద పడింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"మిషన్ ఎందుకు ఆపిన్రమ్మా?"

"పిల్ల పుట్టింది సార్!" అంది యాదక్క.

"ఎవలికి?"

ఆయన నా మొహం చూసి, "జెర బయటికి పోయి నీళ్లు తాగి రా" అన్నాడు.

గేటు దగ్గర ఫోన్ ఆన్ చేశానో లేదో మోగింది. అమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. "ఆడపిల్లనే! నొప్పులు ఒక్కసారే వచ్చినయ్, నీ ఫోనేమో బందున్నది. జల్దీ రా!"

ఆసుపత్రికి చేరేసరికి లావణ్య అలసిపోయి నవ్వుతోంది. బిడ్డను నా ఒళ్లో పెడుతూ అమ్మ చెప్పింది: "పుట్టంగనే ఏడ్వలేదు బిడ్డా. నర్సమ్మ వీపు రాస్తాంటే నా పానం పోయింది. గప్పుడొక్కసారి తుమ్మింది. ఇగ సూడు, దవాఖాన ఎగిరిపోయేటట్టు ఏడ్చింది."

తుమ్ము సంగతి అమ్మకు నేను చెప్పలేదు.

పక్కవాళ్ల ఫోన్లో వీడియో ఏదో బడ్స్‌లోకి వచ్చి ఉంటుందని మా ఆయన అంటాడు. లోపలికి ఫోన్లే రానివ్వరు కదా! సరే, ఎవరో దొంగచాటుగా తెచ్చారనే అనుకుందాం. మరి యాదక్క చెవి సంగతి? తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆ చెవికి వినికిడే లేదని తేల్చాడు. ఇయర్‌బడ్స్ ఇంత మోతను ఆపలేవని సూపర్‌వైజర్ మా ఇద్దరికీ చెవులు పూర్తిగా మూసే పెద్ద హెడ్‌సెట్లు ఇప్పించాడు.

బారసాల నాడు యాదక్క బిడ్డను ఎత్తుకుని ఎవరికీ ఇవ్వనంది. ఎలా వినబడిందని చుట్టాలంతా చుట్టుముట్టారు.

"నాకేం ఎరుక? పుట్టంగనే ముందుగాల నన్నే పిలిచింది, గంతే" అంది మురిసిపోతూ.

నన్నడిగినా అంతకు మించి చెప్పలేను.