లచ్చవ్వ బస్సు అర్జీ

ముందే చెప్తున్నాను, నాకు గోరంతను కొండంత చేసే జబ్బుంది. ఇందులో ఎక్కడైనా ఏనుగు కనబడితే మేక అని చదువుకోండి.

1964. బోధన్ చెరకు పొలాల మధ్య ఒక కంపెనీ చిన్న రైలు నడపడం మొదలుపెట్టింది. అది ఎంత నిదానమంటే, జనం దిగి, చెరకు విరుచుకుని, సగం గడ నమిలి మళ్లీ అదే పెట్టె ఎక్కేవారు. ఊళ్ల నుంచి జనాన్ని ఆ రైలుకు చేర్చేది ఫీడర్ బస్సు. రైలూ బస్సూ రెండూ ఆ కంపెనీవే. ఆ తోవలో మరెవరికీ పర్మిట్ లేదు. అందుకని సర్కారు ఒక నిఘా కమిటీ వేసింది. నెలకోసారి తహసీలు కచ్చేరీలో కూర్చుని ఫిర్యాదులు వినేది. దానికి గుమాస్తాను నేను. చదువురాని వాళ్ల అర్జీలు రాసిపెట్టేదీ నేనే.

ఒకరోజు నవీపేట్ దిక్కు నుంచి లచ్చవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి.

"బస్సు మా ఊరికాడ ఆగుతలేదు బిడ్డా. చెయ్యెత్తితే ఇంకింత ఉరుకుతది."

"రోజూనా అవ్వా?"

"వారంల రెండు దినాలు. రైలుకు ఆలిశమైతుందని ఇడిసిపెట్టి పోతున్నడు. పొద్దెక్కినంక పోతే కార్ఖానల బీడీలు తీసుకోరు. తీసుకోకుంటే మర్నాటికి ఆకియ్యరు. ఆకు లేకుంటే చేతులు కట్టుకొని కూసునుడే."

"ఎందరు ఎక్కుతరు?"

"ముగ్గురం."

ముగ్గురు! వారానికి రెండు రోజులు! అంత బక్క అర్జీ కమిటీ ముందు నిలబడుతుందా అనిపించింది. కలం పట్టాక నా చెయ్యి ఆగలేదు. 'ఆరు నెలలుగా ఒక్కరోజైనా ఆగని బస్సు' అని రాశాను. ముగ్గురిని మూడు వందల మందిని చేశాను. ఇద్దరు నిండు చూలాళ్లను ఎండలో నిలబెట్టాను.

"ఏం రాసినవో సదువు బిడ్డా."

"నువ్వు చెప్పిందే అవ్వా."

నమ్మి వేలిముద్ర వేసింది.

విచారణ రోజు కంపెనీ మేనేజరు ట్రిప్ షీట్లు తెచ్చాడు. బస్సు ఎక్కడ ఆగిందో, ఎందరెక్కారో కండక్టరు రాసే కాగితాలవి.

"మూడు వందల మంది ఎక్కితే అది బస్సు గాదు సార్, జాతరైతది," అన్నాడు. అందరూ నవ్వారు.

అధ్యక్షుడు లచ్చవ్వను అడిగారు. "సోమవారం బస్సు ఆగిందా అవ్వా?"

"ఆగింది సారూ. ఎక్కిన."

"మంగళవారం?"

"గప్పుడు గూడ ఆగింది. బుధవారం ఆగలే."

"మరి ఒక్కరోజూ ఆగలేదని ఎందుకు రాయించినవ్?"

ఆమె నా వైపు చూసింది. "నేను గట్ల చెప్పలే సారూ."

అప్పుడు లేచి, తప్పు నాదని చెప్పవలసింది. లేవలేదు. తల వంచుకుని, ఆమె మాటను మినిట్స్‌లో దించుకుంటూ కూర్చున్నాను. అబద్ధపు ఫిర్యాదని కొట్టేశారు. బుధవారం సంగతి ఎవరూ అడగలేదు. మరుసటి నెల, ఎక్కేది ముగ్గురే కదా అని కంపెనీ ఆ స్టాపే తీసేస్తానంది. కమిటీ సరేనంది.

తర్వాత ఆ ట్రిప్ షీట్లు తిరగేశాను. వారానికి రెండు రోజులు ఆ ఊరి పేరుకు ఎదురుగా ఖాళీ. రెండు రోజులను రెండనే రాసి ఉంటే, కంపెనీ సొంత కాగితాలే లచ్చవ్వకు సాక్ష్యం చెప్పేవి. కమిటీ కళ్లు కంపెనీ మీద ఉండాల్సింది. వాటిని నా మూడు వందల మంది మీదికి తిప్పింది నేనే.

విచారణ అయిన రోజు కచ్చేరీ మెట్ల మీద లచ్చవ్వ నా భుజం తట్టి, "మా మంచికే రాసినవ్ బిడ్డా, ఊకో," అంది.

ఇందులో నేను కల్పించింది ఆ మాటే. ఆమె గంప నెత్తికెత్తుకుని, నా పక్క నుంచే దిగి పోయింది.