ఉత్తరపు గాలి ఆగిన పూట

ఈ ఉదయం ఇక్కడ మా తామ్వే పేటలో చలి బాగా దిగింది. బాల్కనీ కమ్మీకి నేను కట్టిన పాత లుంగీ పేలిక రెండు రోజులుగా ఉత్తరపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. టీ తాగుతుండగా ఆ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. కప్పు నా చేతిలోంచి జారి పగిలింది. ఫోనులో చూస్తున్న మీరిద్దరూ నవ్వారు. "గుడ్డపేలిక ఆగితే అంత ఉలిక్కిపడతావేంటి అమ్మమ్మా?" అన్నారు. అది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేమున్న రేవుపేట సేక్కాన్‌లో మా పక్క వాటాలో సింహాచలం మావ ఉండేవాడు. రేవులో మూటలు మోసి మోసి నడుం వంగాక, చిన్న పడవ సంపాదించుకుని, నది సముద్రంలో కలిసేచోట ఒడ్డు వెంట చేపలు పట్టేవాడు. నాకప్పుడు పదహారేళ్లు. ఆయనలా విసురువల విసరాలని ఒకటే పిచ్చి. "ఆడగుంటవి, నీకు వలేటే?" అని ఏడిపించేవాడు. నేను వదలకపోతే చివరికి, "నీ సేత్తో బుట్టెడు సేపలు పట్టుకురా, నేర్పుతాను" అని మాటిచ్చాడు.

ఆ చలికాలం ఉత్తరపు గాలి మూడు రోజులు ఆగకుండా వీచింది. అలాంటి గాలి ఒడ్డునున్న నీళ్లను సముద్రంలోకి తోసేస్తుందనీ, చలికి చేపలు మేత మాని, లోతు వెతుక్కుని కదలకుండా పడుంటాయనీ మావే చెప్పాడు. పడవ గెడకు లుంగీ పేలిక కట్టి, "నీళ్లని సూడకు, దీన్ని సూడు. ఇది ఏలాడబడితే గాలి తోసిన నీరంతా పోటుతో కలిసి ఎనక్కొచ్చేత్తాది" అన్నాడు. నేను తలూపాను.

మూడో రోజు మావతో పడవలో వెళ్లేసరికి, ఎన్నడూ చూడని బురద నేల బయటపడి ఉంది. దాని నడుమ ఒక మడుగు. అందులో పండుగప్పలు. చలికి మొద్దుబారి, చేత్తో తాకినా బద్ధకంగా తోకాడించి ఊరుకుంటున్నాయి. నేను మోకాళ్లదాకా దిగబడి బుట్ట నింపుకుంటున్నాను. పేలికను మరిచేపోయాను.

"గాలి పడిపోనాది! బుట్టొగ్గేసి రాయే!" పడవలోంచి మావ కేక.

దూరంగా ఎవరో చాపలు ఈడుస్తున్నట్టు చప్పుడు. బుట్ట నిండడానికి కొంచెమే వెలితి.

"ఇంకొక్కటి మావా!" అన్నాను.

ఆ మాట అన్నది నేనేనంటే ఇప్పటికీ నమ్మలేను. మరుక్షణం నీళ్లు నడుము దాటాయి. కాళ్లు బురదలోంచి రాలేదు. అరవబోతే నోట్లో ఉప్పునీరు. అంతలో నెత్తిమీద ఏదో బరువుగా పడి ఒళ్లంతా చుట్టుకుంది. వల! మావ నామీదే వల విసిరాడు.

"బోర్లా పడుకో! తన్నుకోకు!"

చేపను లాగినట్టే లాగాడు. పడవలో పడ్డాక చూస్తే ఆయన అరచేతుల చర్మం తాడుకు లేచిపోయింది. వల నడిమికి చిరిగింది. నా బుట్ట కొట్టుకుపోయింది, తెగిన పిడి మాత్రం నా గుప్పిట్లోనే ఉంది. వేళ్లు విడిపోవడం లేదు. ఆ రక్తపు చేతులతోనే మావ నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు.

"ఇంత బరువు సేప నా వల్లో ఎప్పుడూ పడనేదమ్మా" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. ఆయన మొహం కప్పుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. మూటల కింద కూడా మూలగని మనిషి. మునిగిపోతున్నప్పటికంటే అది చూసి ఎక్కువ బెదిరిపోయాను.

మర్నాడు వల, సూది నా ముందు పడేశాడు. "ముందు కుట్టు. తరవాత ఇసురుదువు."

"బుట్ట నిండలేదు కదా మావా?"

"నోర్మూసుకుని కుట్టవే."

చలి పోయేలోపు కుట్టాను. విసరడమూ నేర్చుకున్నాను. మావ పోయి చాలా ఏళ్లయింది. కానీ పేలిక చప్పుడు ఆగితే చాలు, నా వేళ్లు వాటంతటవే విడిపోతాయి. చేతిలో ఏముందో చూసుకోవు. ఈ ఉదయం కప్పు పగిలింది అందుకే.