రెండు మొవ్వుల చెట్టు

ముక్తేశ్వరంలో ధర్మరాజు గారిల్లు ఎక్కడంటే రెండు తలల కొబ్బరిచెట్టు చూపించేవారు. అమలాపురంలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు గారికి చెట్టును బట్టి గుర్తింపు రావడం నామోషీగానే ఉండేది.

2001లో ఒక సెమినారుకి వెళ్లొచ్చాక నామోషీ పోయి గర్వం పట్టుకుంది. చెట్టు కొసన లేతాకుల మధ్య దాగిన మొవ్వులో మూలకణాలుంటాయట. వాటిని ఒక జన్యువు "ఇంకా, ఇంకా" అని కొసరుతుంటే, మరొకటి "చాలు" అని చెయ్యడ్డం పెడుతుందట. ఆ "చాలు" చెడిపోతే కణాలు అదుపు తప్పి తల చీలిపోతుందట.

"మా చెట్టుకి అదే చెడిందండీ! కొబ్బరిలో కనిపెట్టింది నేనే!" అని మంగలి దగ్గర్నుంచి ఎమ్మార్వో దాకా చెప్పారు. ఆయన కంటే ముందు కాకులు కనిపెట్టాయి, చెప్పుకోలేదంతే.

ఇక పేరు రావడమే తరువాయి. ఎరిగున్న బాబూరావు గారు ఒక పరిశోధన కేంద్రంలో గుమాస్తా. ఆయనకి ఫోను చేసి, "మా చెట్టు మొవ్వు పంపుతానండీ, మీ ఆఫీసరు గారికి అందించండి" అన్నారు.

"ఆయ్, తప్పకుండా పంపండి. రెండూ వస్తే మరీ మంచిదండీ."

జన్యువు చూడ్డానికి ఆకుముక్క సరిపోతుందని సెమినారులో చెప్పినప్పుడు ఈయన భోజనాల వరసలో ఉన్నారు.

ధర్మరాజు గారి భార్య కాంతం గారు కాపరానికొచ్చిన ఏడాది నాటిన చెట్టది. తొంభై ఆరు తుఫానుకి దొడ్డంతా నేలమట్టమైనా అదొక్కటే నిలబడింది. ఆవిడకి అదంటే ప్రాణం.

"మొవ్వు తీస్తే చెట్టు చచ్చిపోదా అండీ?"

"ఒకటే తీస్తానే. రెండోది ఉంటుంది కదా."

అరటికి పిలకలుంటాయి, కొబ్బరికి మొవ్వు పోతే చావే అని ఏటా పిల్లలకి చెప్పే మనిషి. ఒకటి దింపించారు. అది చూశాక ఆశ ఆగలేదు, రెండోదీ దింపించారు. తడిగుడ్డ చుట్టి బస్సులో పంపించారు. కాంతం గారు ఆ పూట అన్నం ముట్టలేదు.

వారం ఓపిక పట్టి ఫోను చేశారు.

"మొవ్వు అందిందా అండీ?"

"ఆయ్, అందిందండీ. ఆఫీసరు గారితో సహా అందరం పంచుకుని తినేసేమండీ. అబ్బ, వెన్నముద్దేనండీ! అలాంటి చెట్టు ఇంకోటుందేంటండీ?"

ధర్మరాజు గారు దొడ్లోకి చూశారు. ఉత్త మొద్దు నిలబడి ఉంది, దాని మొదట్లో కాంతం గారు కూర్చుని ఉన్నారు.

"చాలండీ," అన్నారు ఫోనులో.