రెడ్డెప్ప బండికి గట్టి స్ప్రింగు

2023 ఎండాకాలం. మదనపల్లె టమోటా మార్కెట్‌కు దగ్గర్లో నా బైకు స్పేర్ పార్టుల అంగడి. మా అబ్బాది మిరపకాయల వ్యాపారం, మా మామూది చెప్పుల షాపు. పసితనంలో పాలు తాగడానికి కూడా నేను బేరమాడేవాడినని అమ్మీ ఇప్పటికీ అంటుంది. అలాంటి నా దగ్గరికి పుంగనూరు నుంచి రెడ్డెప్ప తన డర్ట్ బైకును లగేజీ ఆటోలో వేసుకొచ్చాడు. వెంట భార్య యశోద.

ఆ ఆదివారమే కుప్పం దగ్గర మట్టి ట్రాకులో పందెం. కిందటేడు అక్కడే ఒక దిబ్బ మీద నుంచి దూకినప్పుడు బండి వెనక భాగం ఎగిరి తన్ని, రెడ్డెప్ప మణికట్టు విరిగింది.

"ఈసారి పడితే బండి అమ్మేసేదే అన్నా. ముందే ఒప్పుకోనుండాడు," అంది యశోద.

"ఎనకపక్క రాయి మాదిరి ఉండాది బాషన్నా. మెత్త స్ప్రింగు ఇయ్యి," అన్నాడు రెడ్డెప్ప.

ఎవరూ అడగని మెత్త స్ప్రింగు ఒకటి నా అలమరలో దుమ్ము పట్టి ఉంది. అంటగట్టేద్దామని చేతులు దురద పెట్టాయి. అయినా టేపు తీశాను. బండి తన బరువుకే వెనక కొంచెం దిగాలి, మనిషి ఎక్కితే ఇంకా దిగాలి. ఈ దిగడాన్నే సాగ్ అంటారు. రెడ్డెప్ప ఎక్కితే కొలత సరిగ్గానే ఉంది. అతను దిగాక చూస్తే, బండి తన బరువుకు వెంట్రుకంత కూడా దిగడం లేదు.

నాకు హుషారు పుట్టింది. వంగి చూస్తే, స్ప్రింగును బిగించే ప్రీలోడ్ నట్టు చివరిదాకా తిప్పేసి ఉంది. అంటే ఉన్న స్ప్రింగే అతనికి మెత్తది. మోయలేక కుంగిపోతుంటే నట్టుతో అదిమి నిలబెట్టారు. ఆ బిగింపే అతనికి రాయిలా తగులుతోంది.

"బరువెంతప్పా?"

"అరవై అయిదు."

స్ప్రింగుల చార్టు ప్రకారం ఆ బరువుకు ఉన్న స్ప్రింగే సరిపోవాలి. టేపు ఒకటి చెబుతోంది, మనిషి ఒకటి చెబుతున్నాడు. యశోద నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హెల్మెట్, బూట్లు, ఛాతీ కవచం అన్నీ తొడిగించి మార్కెట్ కాటా మీద నిలబెట్టాను. ఎనభై దాటింది. తొడిగినవాటి బరువు ఏడెనిమిది కేజీలు తీసేసినా అరవై అయిదుకు దిగదు.

"టమోటాలయితే తరుగు తీస్తాము. ఈయప్పకు ఏం తీసేది?" అన్నాడు కాటా మనిషి.

"యాల తగ్గించి చెప్తివప్పా?" అన్నాను.

"బరువెక్కువంటే స్ప్రింగు రేటు ఎక్కువ సెప్తావనుకొంటి."

"మెత్తదైనా గట్టిదైనా రేటు ఒకటే."

"అయితే ఇంగా తగ్గించు."

ఏమని కోప్పడను? బేరంలో నా జాతి మనిషే.

"రాయి మాదిరి ఉండాదంటే ఇంగా గట్టిది పెడతాండావే," అని అతను గొణుగుతుండగానే గట్టి స్ప్రింగు వేసి, నట్టు వదులు చేశాను. ఈసారి బండి తన బరువుకు కొంచెం దిగింది, అతనెక్కితే కావలసినంత దిగింది.

ఆదివారం అంగడి మూసి నేనూ కుప్పం పోయాను. అదే దిబ్బ. రెడ్డెప్ప గాల్లోకి లేచాడు. యశోద ట్రాకు పక్కన అడ్డంగా ఉన్న తాడును రెండు చేతులా పట్టుకుంది. బండి నేలను తాకింది. వెనక చక్రం ఒద్దికగా కూర్చుని, తన్నకుండా లేచి, మట్టిని కరుచుకుని ముందుకు దూకింది. నేను కూర్చున్న బండరాయి మీదే లేచి గంతులేశాను. మూడోవాడిగా వచ్చాడు.

"మూడోదేనా?" అంది యశోద మొగుడితో. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఇంగో పందెం యాడన్నా?" అని అడిగింది.

అంగడికి వచ్చినవాళ్లు నొప్పి సరిగ్గానే చెబుతారు. మందు పేరు మాత్రం వాళ్లను అడక్కూడదని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు స్ప్రింగు కావాలంటే ముందు కాటా, తర్వాత టేపు, ఆ తర్వాతే బేరం.