నాయనమ్మ నమ్ముకున్న నెటిజన్లు

సాయంత్రం మబ్బు పట్టిందంటే చాలు, హైదరాబాద్ శివారు బీరంగూడలో నేను కిరాయికి ఉండే గది కిటికీలోంచి ఆ వాసన వస్తుంది. మాగిపోయిన మామిడిపండులో ఆసుపత్రి మందు కలిపినట్టుండే ఆ వాసనకు పక్కింటివాళ్లు గబగబా తలుపులు వేసుకుంటారు. నేను మాత్రం, గాలి మందుల కంపెనీలుండే గడ్డపోతారం వైపు నుంచి తిరిగిందన్నమాట అనుకుని, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండా నా పని చేసుకుంటాను. నా పని ఒక వెబ్‌సైట్‌కు వార్తలు రాయడం. వార్తలంటే పెద్దవేం కావు. ఎవరో హీరోయిన్ కొత్త చీర కడితే నెటిజన్లు ఫిదా అవుతున్నారని, ఎవరో నాయకుడు నోరు జారితే నెటిజన్లు మండిపడుతున్నారని, ఎక్కడో పెళ్లికొడుకు బరాత్‌లో కిందపడితే నెటిజన్లు నవ్వుకుంటున్నారని రాస్తుంటాను. ఫొటో కింద ముగ్గురో నలుగురో ఏదో ఒకటి అని ఉంటే సరిపోతుంది, వాళ్లే నెటిజన్లు. రాసి రాసి వేళ్లకు అలవాటైంది గానీ మనసుకు విసుగు తీరలేదు. నెటిజన్లు అనే ఈ మాటను నాకంటే ముందు, నాకంటే నమ్మకంగా వాడిన మనిషి ఒకామె మా ఇంట్లో ఉండేది. ఆమె మా నాయనమ్మ, అక్షరం ముక్క రాదు.

మా ఊరు జిన్నారానికి దగ్గర. మా నాన్నను బాపు అంటాం, ఆయన మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. డ్యూటీ దిగి వస్తూ హోటల్లో అందరూ చదివి నలిపిన పేపరు అడిగి తెచ్చేవాడు, ఒక్కోసారి అందులో వేడివేడి మిర్చీలు కూడా చుట్టుకొని వచ్చేవి. చలికాలం సాయంత్రాల్లో అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టెలు తడుతుంటే, నాయనమ్మ గడప పక్కన కాళ్లు చాపుకొని కూర్చుని అనపకాయలు ఒలుస్తుంటే, నేను బడి బట్టలు కూడా విప్పకుండా, నూనె అంటిన ఆ పేపరును పైకి చదివేదాన్ని. వినడమంటే నాయనమ్మకు అంత పిచ్చి. ధరలు వినేది, చావులు వినేది, సినిమావాళ్ల సంగతులైతే మళ్లీ చదివించుకునేది. అప్పుడే మా ఇంటికి నెటిజన్లు వచ్చారు. మీటింగులో నిద్రపోయిన ఆఫీసరు మీద వాళ్లు మండిపడితే అతని కొలువుకే ఎసరొచ్చింది. ఆడవాళ్లను తక్కువ చేసి మాట్లాడిన ఒక నటుడి మీద మండిపడితే మర్నాటికి అతను చేతులు జోడించాడు.

నాయనమ్మ ఒలిచే చేతులు ఆపి వినేది. వాళ్లు పట్నంలో ఎక్కడో కూర్చునే పెద్దమనుషుల కమిటీ అని, సంబంధం లేనివాళ్ల కోసం కూడా కోపం తెచ్చుకోవడమే వాళ్ల పని అని ఆమెకు అర్థమైంది. నెట్ వాడే మామూలు మనుషులే అని నేను చెప్పి చూశాను. మామూలోళ్లు మండిపడితే ఆఫీసర్లు భయపడతారా అని నన్నే ఎదురడిగింది. ఇక ఆ మాట మా ఇంట్లో ఉప్పూకారంలా కలిసిపోయింది. కూరలో ఉప్పెక్కువైతే నెటిజన్లు ఊరుకోరని అమ్మను ఉడికించేది. కరెంటు పోతే నెటిజన్లకు చెప్పాలనేది. పాలలో నీళ్లు కలిపే మల్లయ్యను నెటిజన్ల పేరు చెప్పి బెదిరిస్తే అతను నిజంగానే ఒక వారం చిక్కటి పాలు పోశాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఎందుకు నవ్వలేదో బతుకమ్మ పండుగకు తెలిసేది. వానలు వెనక్కి తగ్గి, చేన్ల గట్ల మీద గునుగు పువ్వు తెల్లగా తలలెత్తే రోజుల్లో నాయనమ్మ వయసు మరిచిపోయేది. తెల్లారకముందే నన్ను వెంటేసుకుని తంగేడు కోసుకొచ్చి, గునుగు కట్టలకు ఎర్రరంగు, ఊదారంగు అద్ది వాకిట్లో ఆరబెట్టి, గుమ్మడి ఆకుల మీద వరుస మీద వరుస పేర్చేది. ఇంట్లో వేయించిన నువ్వుల వాసన, మలీద ముద్దల్లో బెల్లం వాసన, ఆమె చేతులకు తంగేడు పసరు వాసన. ఊళ్లో అందరికంటే ఎత్తు బతుకమ్మ మాదే. కానీ ఆడి పాడి అయ్యాక దాన్ని సాగనంపడానికి నీళ్లు లేవు. ఊరి పక్కనే వాగుంది, కంపెనీలు వదిలే నీళ్లు కలిసి నేను పుట్టేనాటికే దాని రంగు మారిపోయింది. వానాకాలం మొదటి వరదకు నాలుగు రోజులు తేటపడితే మేం గట్టు మీద నుంచి చూసేవాళ్లం, దిగనిచ్చేవారు కాదు. ఒక ఏడు మొండిగా వాగులోకే దిగిన ఆడవాళ్లందరికీ పాదాలు దద్దుర్లెక్కాయి, అమ్మ దీపావళి దాకా గోక్కుంటూనే ఉంది. ఆ మరుసటేడు నుంచి బడి వెనక గుంత తవ్వి, ప్లాస్టిక్ పరదా పరిచి, ట్యాంకరు నీళ్లు పోసి, గౌరమ్మను అందులో వదలడం మొదలైంది.

నాయనమ్మ ఆ గుంత దగ్గర నిలబడలేకపోయేది. పారే నీళ్లల్లో పంపాల్సిన బిడ్డను నీళ్ల తొట్లో ముంచినట్టుందని ఇంటికొచ్చి అన్నం ముట్టేది కాదు. బాపుతో అంటే ఆయన తల వంచుకునేవాడు. కంపెనీ మీద నోరు తెరిస్తే పొయ్యి ఆరిపోతుందని ఆయన భయం, అది అబద్ధం కాదు. సర్పంచ్‌కు చెప్పారు, మండలాఫీసులో చెప్పారు, ఎవరికీ కోపం రాలేదు. ఇక ఆమెకు మిగిలింది నెటిజన్లే. ఆ ఏడు మా పెదబాపు కొడుకు సతీషన్న టచ్ ఫోను కొన్నాడు. నాయనమ్మ పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు అతన్ని గుంత దగ్గరికి పిలిచి, తనను, బతుకమ్మను, పరదాను, ట్యాంకరు పైపును అన్నీ వచ్చేలా ఫొటో తీయమంది.

“నెటిజన్లకు పంపు బిడ్డా. మా వాగు గిట్లయిందని వాళ్లకెరుక లేనట్టుంది. ఎరుకైతే ఊకుంటరా.”

అతను వాగు సంగతి ఉన్నదున్నట్టు రాసి, ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మర్నాడు నాయనమ్మ పొద్దుటి నుంచి గడపలోనే కూర్చుంది. సతీషన్న ఉరుక్కుంటూ వచ్చాడు, ఫొటో తెలియని వాళ్లదాకా పోయిందట, అంతమంది లైకులు కొట్టడం అతని జన్మలో లేదట. పక్కన కూర్చుని ఒక్కొక్కటే నేను చదివాను. బతుకమ్మ సూపర్. అవ్వ చేతిలో కళ ఉంది. మన సంస్కృతి గొప్పది. అవ్వకు పాదాభివందనం. పూలు, దండాలు, ఎర్ర గుండెకాయలు. వాగు మాట ఒక్కరూ ఎత్తలేదు.

“మండిపడ్డరా?” అంది నాయనమ్మ.

“లేదు నాయనమ్మా. మెచ్చుకున్నరు.”

ఆమె వాకిట్లో రాలిన గునుగు వైపు చూసింది. “పువ్వు మంచిగున్నదని నాకెరుకనే గద బిడ్డా,” అంది. తర్వాత లేచి బర్రెకు కుడితి పెట్టడానికి పోయింది. ఆ రోజు నుంచి ఆమె నోట ఆ మాట మళ్లీ వినలేదు. కూరలో ఉప్పెక్కువైతే ఎక్కువైందనే అనేది. మల్లయ్య పాలు మళ్లీ పల్చబడ్డాయి, ఆమె అవే పోయించుకుంది. పేపరు చదవనా అంటే కళ్లు మూతలు పడుతున్నయనేది.

నాయనమ్మ పోయి కొన్నేళ్లయింది. మేం గునుగు కోసిన చేన్లలో షెడ్లు లేచాయి, పువ్వు ఇప్పుడు పటాన్‌చెరు మార్కెట్లో కట్టలుగా దొరుకుతుంది. బడి వెనక గుంతకు సిమెంటు చేసి, టైల్స్ అతికి, మెట్లు కట్టారు, ట్యాంకరు మాత్రం వస్తూనే ఉంది. ఇప్పటి పిల్లలు బతుకమ్మను తొట్లోనే వేస్తారనుకుంటారు, వాళ్ల తప్పేం లేదు. ఆమె విడిచిపెట్టిన మాట మీద నేను బతుకుతున్నాను.

ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి ఒక ఫొటో వచ్చింది. ఏదో ఊళ్లో ఒక ముసలామె తన అంత ఎత్తు బతుకమ్మను నీలిరంగు పరదా పరిచిన గుంతలోకి దించుతోంది. నెటిజన్లు ఫిదా అని శీర్షిక పెట్టి, ప్రశంసల జల్లు కురిపిస్తున్నారని రాసి పంపేశాను, కిరాయి కట్టాలి కదా. పంపాక నా ఫోను తీసి, ఫేస్‌బుక్‌లో ఆ ఫొటో కింద, మీ ఊర్ల వాగు లేదా, ఏమైంది అని అడిగాను. కాసేపటికి ఎవరో జవాబిచ్చారు, పువ్వులు సూడక్కా, నీళ్లతోని నీకేం పని అని.

నాయనమ్మ ఉంటే మండిపడ్డరా అని అడిగేది. నేనొక్కదాన్నే మండిపడ్డాను నాయనమ్మా. ఒక్కరైతే నెటిజన్లని రాయరు.