వాన కడిగిన సున్నం గీత

బడి ఎదురుగా చాయ్ దుకాణం నడిపిన మా పక్కింటి అక్క పోయిన వారం తెల్లవారుజామున కన్నుమూసింది. ముందురోజే దగ్గు విని, దవాఖానకు పోదామని పోరు పెట్టాను. "నీకు అన్నిటికీ పరేషానే చెల్లే" అని నవ్వింది. ఈసారి నా భయమే నిజమైంది.

ఊరి పక్కన విమానాశ్రయం వచ్చినప్పటి నుంచి దుమ్ము పెరిగిందని ఆమె ప్రతి కప్పునూ వేడినీళ్లతో తొలిచి గానీ చాయ్ పోసేది కాదు. ఆ కప్పులే సర్పంచ్ ఎన్నికలప్పుడు నా ప్రాణం తీశాయి. పోటీలో ఉన్నది ఆమె సొంత తమ్ముడు. అతని గుర్తు కప్పూ సాసరు.

ఓట్లు బడిలోనే. అక్కడికి వంద మీటర్ల లోపల ఎవరూ ఓటడగకూడదని సున్నంతో గీత గీశారు. దుకాణం గీతకు లోపల పడింది. గీత మనిషిని ఆపుతుంది సరే, మాటను ఎట్లా ఆపుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. అవతల అరిస్తే ఇవతల వినబడదా? కప్పులు చూసి ఎవరైనా ఫిర్యాదు చేస్తే తమ్ముడి పోటీకే ముప్పు వస్తుందని పొద్దున్నే ఉరికాను. అప్పటికే కప్పులన్నీ గంపలో పెట్టి గుడ్డ కప్పేసింది. ఆ రోజంతా స్టీలు గ్లాసులే.

"ఏందక్కా, కప్పులు దాచినవ్?" అన్నాడు అవతలి పక్షం మనిషి.

"నీ దిష్టి తగుల్తదని."

అప్పుడే మా నెత్తి మీదుగా విమానం పోయింది. అవతలి పక్షం గుర్తు విమానమే! అందరం తలలెత్తాం. అక్క చాయ్ తాగుతున్న బందోబస్తు పోలీసాయన వైపు తిరిగింది. "సారూ, నా కప్పులు నేను మూసిన. గా విమానాన్ని గూడ జర గీత అవతలికి పొమ్మనుండ్రి." ఆయనకు చాయ్ పొలమారింది.

మధ్యాహ్నం వానకు సున్నం కొట్టుకుపోయింది. ఇదే అదనుగా తమ్ముడు దుకాణం చూరు కిందికి వచ్చి, ఓటుకు పోయేవాళ్లకు దండాలు పెడుతూ అడగసాగాడు.

"అవతలికి నడువు తమ్మీ" అంది అక్క.

"గీత యాడుందే?"

"సున్నం పోయింది. నా కండ్లు పోలే. గ్లాసు పట్టుకపో, అవతల తాగు."

గ్లాసు ముట్టకుండా తడుస్తూ వెళ్లిపోయాడు. కొద్ది ఓట్లతో ఓడాడు. అక్కే ఓడగొట్టిందని ఊరంతా అంది. అతను దుకాణం గడప తొక్కడం మానేశాడు. బాధ లేదా అని అక్కను అడిగాను.

"గెలిస్తే మస్తు సంబురపడుతుంటి" అంది. "గట్ల గెలిస్తే మాత్రం వానికి చాయ్ పొయ్యనీకి చెయ్యి రాకపోతుండె."

ఆమె పోయిన మూడోనాడు తమ్ముడే వచ్చి దుకాణం పొయ్యి వెలిగించాడు. గంపలోంచి కప్పులు తీసి, ఒక్కొక్కటీ వేడినీళ్లతో తొలిచి, వచ్చినవాళ్లందరికీ పోశాడు. నా కప్పు నోటి దాకా వచ్చిందో లేదో, పైన విమానం చప్పుడు. ఎవరూ తలెత్తలేదు. అందరం పొయ్యి దగ్గర ఖాళీగా ఉన్న అక్క పీట వైపు చూశాం, ఏమంటుందోనని.